మా పెరటి జెర్రిపోతు

నాన్న పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో, ల్యాబులో పనిచేసేవాడు. తెల్లారేసరికి కంపెనీ బస్సు మా వీధి చివర హారన్ కొట్టేది. దీపాలు పెట్టే వేళకి మళ్ళీ అక్కడే దింపేది. ఆ మధ్యలో ఆయన ఏం చేసేవాడో మాకు ఆయన చొక్కా వాసనని బట్టే తెలుసు. అమ్మ ఆ చొక్కాల్ని మా బట్టలతో కలపకుండా వేరే బకెట్లో నానబెట్టేది.

అప్పుడు నేను అనకాపల్లిలోనే డిగ్రీ చదువుతున్నాను. ఊళ్ళో ఎస్టీడీ బూతులు ఒక్కొక్కటే సెల్ రీచార్జి కొట్లుగా మారుతున్న రోజులు. ఒక జూన్ నెలలో కంపెనీ వాళ్ళు పర్యావరణం గురించి క్లాసు పెట్టించారు. క్లాసు అయ్యాక వచ్చిన ప్రతివాడికీ ఒక ఆకుపచ్చ టోపీ, ఒక మొక్క ఇచ్చారు. మిగతా ఉద్యోగులు టోపీలు పిల్లల కోసం దాచుకుని, మొక్కల్ని బస్సు సీట్ల కింద వదిలేసి ఎవరి స్టాపులో వాళ్ళు దిగిపోయారట. నాన్న వాటినన్నిటినీ ఏరుకుని ఇంటికి తెచ్చాడు. వీధి మలుపు తిరిగి వస్తున్నప్పుడు మనిషి కనిపించలేదు. కాళ్ళకి ప్యాంటు తొడుక్కున్న పొద ఒకటి నడిచొస్తున్నట్టుంది.

గుమ్మంలో నిలబడ్డ అమ్మ, "ఏటండీ, అడవిని వెంటబెట్టుకొచ్చేసేరు?" అంది.

"అడవే మనల్ని వెంటబెట్టుకోవాలి. మనం ప్రకృతికి దూరమైపోయాం," అన్నాడు నాన్న ఆకుల సందుల్లోంచి.

అమ్మకి ఆ మాటలో ప్రమాదం అప్పుడే కనిపించి ఉంటుంది. లోపలికి వెళ్ళి పలుగు తెచ్చి ఇచ్చింది.

ఆ రోజు నుంచి మా ఇంటి పద్ధతులు మారిపోయాయి. ప్లాస్టిక్ కవరు గుమ్మం దాటి రాకూడదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మాంసం కొట్టుకి నాన్న స్టీలు క్యారేజీ పట్టుకుని వెళ్ళేవాడు. కొట్టువాడు మొదట్లో నవ్వాడు, తర్వాత అలవాటు పడ్డాడు, ఇంకొన్నాళ్ళకి "సార్ క్యారేజీ వచ్చింది, పక్కకి జరగండి" అని మిగతావాళ్ళని తప్పించడం మొదలుపెట్టాడు. మా స్నానాల నీళ్ళు కాలవలోకి పోకుండా గొట్టం వేసి అరటి మొక్కలకి మళ్ళించాడు. అరటి మొక్కలకి పడదని శాంపూ మానిపించాడు. నేను కుంకుడుకాయలతో తలంటుకుని, జుట్టులో పిప్పి ముక్కలతో కాలేజీకి వెళ్ళేదాన్ని. "మీ అరటిచెట్టు కులాసాయేనా?" అని స్నేహితురాళ్ళు పరామర్శించేవారు.

పెరట్లో ఓ మూల ఎరువు గుంట తవ్వాడు. తొక్కలు, ఆకులు, బూడిద చాలక చెరుకురసం బండివాడి దగ్గర పిప్పి మూటలు కట్టించుకుని స్కూటరు మీద తెచ్చేవాడు. ఆ గుంట తొందరగా మాగాలని ఒక డ్రమ్ములో పేడ, గోమూత్రం, శనగపిండి, బెల్లం కలిపి కర్రతో కలియతిప్పేవాడు.

"పాయసం సేద్దామంటే బెల్లం నిండుకుందన్నారు. పేడలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగింది అమ్మ.

"ఇదీ పాయసమే. భూమికి."

"అయితే ఈ పూట భూమినే వండిపెట్టమనండి."

ఆ పేడ ఇచ్చేది గోడ అవతలి మామ. వాళ్ళది మునగపాక. అక్కడ చెరుకు, వరి పొలాలున్నాయి. పిల్లల చదువుల కోసం అనకాపల్లిలో మా పక్కన ఇల్లు కట్టుకుని, పొలానికి మోటారు సైకిల్ మీద వెళ్ళొస్తూ ఉండేవాడు. పల్లెని పూర్తిగా వదల్లేక ఒక ఆవుని కూడా వెంట తెచ్చుకున్నాడు. నాన్నని బావా అని పిలిచేవాడు. సాయంత్రాలు గోడ మీద మోచేతులు ఆనించి మా పెరడు చూడ్డం ఆయనకి టీవీ చూడ్డం కంటే ఇష్టం.

"బావా, మాం పొలానికి యూరియా ఏత్తన్నాం. నువ్వు పెరటికి పాయసం పోత్తన్నావు. రేపు నీ వంకాయలు తియ్యగుంటే మాకు సెప్పు," అనేవాడు.

నాన్నకి కోపం రాదు. "రుచి చూపిస్తాను, ఉండు," అనేవాడు. నిజంగానే వంకాయలు కాశాయి. బీరపాదు పందిరెక్కింది. అరటి గెల వేసింది. వీటన్నిటికంటే ముందు, వీటన్నిటికంటే బాగా పెరిగినవి మాత్రం ఎలుకలు.

గుంట వాసనకి వచ్చాయి. వచ్చినవి తొక్కలతో సరిపెట్టుకోకుండా వంటింట్లోకి దిగాయి. బియ్యం డబ్బా మూత కొరికాయి. నా రికార్డు పుస్తకం అంచు కొరికాయి. చివరికి అమ్మ పాటల పుస్తకం జోలికి వెళ్ళాయి. అమ్మ చర్చి క్వయర్లో పాడేది. ఆ పుస్తకం ఆమెకి పెళ్ళికి ముందు నుంచీ ఉంది. బైండింగుకి వాడిన జిగురు రుచి మరిగి, ఎలుకలు పుస్తకం వీపంతా తినేసి పేజీలు మాత్రం వదిలాయి. ఆ ఆదివారం అమ్మ విడి కాగితాలు చేతిలో పట్టుకుని పాడింది. ఫ్యాను గాలికి రెండో చరణం ఎగిరిపోయి ముందు వరుసలో ఎవరి ఒళ్ళోనో పడింది.

ఇంటికి రాగానే, "మందు పెట్టేద్దాం," అంది.

నాన్న ఒప్పుకోలేదు. "మందు తిన్న ఎలుకని పిల్లి తింటుంది, కాకి తింటుంది. అన్నీ పోతాయి. ఎలుకల సంగతి ప్రకృతే చూసుకుంటుంది."

"మీ ప్రకృతికి మన వీధి ఎక్కడుందో తెలుసా?"

తెలుసునని వానాకాలం చివర్లో తేలింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఆనపకాయ తొక్కలు గుంటలో వెయ్యడానికి వెళ్ళింది. బేసిన్ కిందపడ్డ చప్పుడు, ఆ వెంటనే అమ్మ కేక వినిపించాయి. నేను పరుగెత్తుకు వెళ్ళేసరికి అమ్మ బట్టలుతికే బండ ఎక్కి నిలబడి ఉంది. గుంట పక్క పిప్పి కుప్ప మీద, నా చెయ్యంత లావున, పసుపూ గోధుమరంగూ కలిసిన పాము ఎండ కాచుకుంటోంది. సగం శరీరమే బయట ఉంది. ఆ సగమే నాకు చాలనిపించింది.

గోడ అవతలి మామ కర్రతో సహా గోడ దూకేశాడు. చూసి, "జెర్రిపోతు బావా! ఇసం లేదు గానీ పామంటే పామే. ఒక్క దెబ్బకి అయిపోద్ది, నువ్వు జరుగు," అన్నాడు.

భోజనం మధ్యలో లేచొచ్చిన నాన్న ఎంగిలి చేత్తోనే ఆయనకీ పాముకీ మధ్యలో నిలబడ్డాడు.

"విషం లేదని నువ్వే అన్నావు కదా బావా. ఎలుకల కోసం వచ్చింది. ఉండనీ."

"ఉండనీ ఏటి? అద్దెకిచ్చేవేటి?"

"ఎలుకల్ని తినడమే అద్దె."

వాళ్ళిద్దరూ వాదించుకుంటుండగా పాము పిప్పిలోకి జారిపోయింది. మామ కర్ర భుజాన వేసుకుని, "ఇదెక్కడి మనిసమ్మా," అని నాతో అని, ఈసారి గోడ దూకకుండా గేటు చుట్టూ తిరిగి వెళ్ళాడు.

అమ్మ బండ దిగలేదు. అక్కణ్ణుంచే అడిగింది. "మనిషిని మొట్టమొదట మోసం సేసిందెవరండీ?"

"జలప్రళయంలో ఓడలోకి పాముల జంటని కూడా ఎక్కించారు కదా," అన్నాడు నాన్న. మా ఇంట్లో ఎవరికి కావలసిన బైబిలు వాక్యం వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉండేది.

"ఇవన్నీ నాకు తెలీదు. ఈ ఇంట్లో నానైనా ఉండాల, అదైనా ఉండాల."

నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. ఏదో సర్దిచెప్పే మాట కోసం వెతుక్కున్నాడనే నా నమ్మకం. కానీ ఆ కాస్త ఆలస్యాన్ని అమ్మ తర్వాత ఎన్నో ఏళ్ళు చుట్టాలందరికీ చెప్పింది. "పాము కావాలో నాను కావాలో తేల్చుకోడానికి ఆయనకి టైము పట్టిందమ్మా," అని.

అమ్మ ఇల్లు వదిలి వెళ్ళలేదు గానీ పెరడు వదిలేసింది. తొక్కలు వెయ్యడం, బట్టలు ఆరేయడం, అంట్లు తోమడానికి బూడిద తేవడం అన్నీ నాన్న మెడకి చుట్టుకున్నాయి. బస్సు వచ్చేలోపు ఆయన లుంగీ ఎగ్గట్టి అన్నీ చేసేవాడు. హారన్ వినిపిస్తే మా చీరలు, లంగాలు దండెం మీద సగం ఆరేసి పరుగెత్తేవాడు. ఆ పనులు ఆయనకి శిక్షలాగా అనిపించకపోవడం అమ్మకి మరింత కోపం తెప్పించింది.

పాము మాత్రం పద్ధతిగానే ఉండేది. ఎండెక్కాక ఒకసారి బయటికొచ్చేది. ఎవరైనా అడుగు గట్టిగా వేస్తే లోపలికి పోయేది. నెమ్మదిగా వంటింట్లో చప్పుళ్ళు తగ్గాయి. బియ్యం డబ్బా మీద కొత్త గాట్లు పడలేదు. అమ్మ కొత్త పాటల పుస్తకం కొనుక్కుని, మొదట ట్రంకుపెట్టెలో తాళం వేసి దాచింది. తర్వాత బీరువా మీద పెట్టింది. ఆ తర్వాత మామూలుగా కిటికీలో పెట్టింది.

అంతా సర్దుకుంటోందనుకుంటే గోడ అవతలి నుంచి ఫిర్యాదు వచ్చింది. మామ ఆవు ఈనిన కొత్త. నాలుగు రోజులుగా పొద్దున్న పొదుగులో పాలుండటం లేదట.

"బావా, నీ పాము నా ఆవు పాలు తాగేత్తంది," అన్నాడు గోడ మీద మోచేతులు కూడా ఆనించకుండా. "జెర్రిపోతులు ఆవు కాళ్ళకి సుట్టుకుని తాగుతాయి. మా మునగపాకలో ఎవుర్ని అడిగినా సెప్తారు."

"పాముకి పాలు పీల్చడానికి నోరు అలా ఉండదు బావా," అన్నాడు నాన్న.

"నోరు నువ్వు సూసేవేటి?"

నాన్న చూడలేదు. నెమ్మదైన మనిషి కాబట్టి వాదన పెంచలేదు. కానీ ఆ సాయంత్రం మామ గోడ దగ్గరికి రాలేదు. మరునాడూ రాలేదు. పేడ తట్ట కూడా రాలేదు. నాన్న అన్నం సరిగ్గా తినలేదు. పామునీ పొరుగువాణ్ణీ ఒకేసారి నిలబెట్టుకోవడం ఎలాగో కంపెనీ క్లాసులో చెప్పి ఉండరు.

ఆ ముడి విప్పింది అమ్మ. తెల్లారగట్ల డాబా మీద ఒడియాల గుడ్డ పరవడానికి వెళ్ళి, అలవాటుగా అవతలి పెరట్లోకి చూసింది. పెయ్యదూడ మెడకి తాడు వదులుగా ఉంది. అది హాయిగా తల బయటికి లాగేసుకుని, తల్లి దగ్గరికి వెళ్ళి, తోక ఆడించుకుంటూ కడుపునిండా తాగి, మళ్ళీ తన చోటికి వచ్చి ఏమీ ఎరగనట్టు పడుకుంది. అమ్మ డాబా మీంచే అవతలి అత్తని కేకేసి పిలిచింది.

"వదినా! ఇలా రా. మీ పాముని సూపిత్తాను. దీనికి నాలుగు కాళ్ళున్నాయి!"

అత్త వచ్చింది, మామ వచ్చాడు. దూడ మూతికి ఇంకా నురుగు ఉంది. మామ దానికేసి చూసి, మా డాబాకేసి చూసి, తువ్వాలు దులుపుకున్నాడు.

"తాడు బిగించాల," అన్నాడు.

సాయంత్రానికి పేడ తట్ట వచ్చింది. దానితోపాటు ఒక గిన్నెడు చిక్కటి పాలు కూడా వచ్చాయి. నాన్న సంతోషం పట్టలేక, "చూశావా, నువ్వే దాన్ని కాపాడావు," అని అమ్మతో అన్నాడు.

"నాను దూడని పట్టిచ్చేను. పాముని కాపాడలేదు. రెండూ ఒకటి కాదు," అంది అమ్మ.

వేసవి వచ్చింది. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన పెట్టుకునే వంతు వచ్చింది. చర్చి సంఘంలోని కుటుంబాలు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో కూడుకునేవి. ఆ సాయంత్రం అందరూ వచ్చేసరికి కరెంటు పోయింది. ముందు గదిలో ఉక్కపోత భరించలేక, పాస్టరు గారు "పెరట్లో కూర్చుందామా, ఎంత చల్లగా ఉందో!" అన్నారు. అమ్మ మొహం చూడాలి. వద్దనడానికి కారణం చెప్పాలంటే పాము సంగతి చెప్పాలి. సంఘంలో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

చాపలు పరిచాం. ఇంకా వెలుతురు ఉంది. పిల్లలు, ఆడవాళ్ళు చాపల మీద, పెద్దవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. గోడ అవతలి మామని, అత్తని కూడా నాన్న పిలిచాడు. అత్త అమ్మ పక్కన కూర్చుంది. మామ వెనకాల, గోడ పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అందరూ అరటి చెట్టుని, బీర పందిరిని మెచ్చుకున్నారు. నాన్న గుంట చూపించబోతుంటే అమ్మ ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టరు గారు, "ఈ ఇంటి అమ్మగారు ముగింపు ప్రార్థన చేస్తారు," అన్నారు. అమ్మ ప్రార్థనలు చిన్నవని పేరు. మా సంఘంలో భోజనాల ముందు ఆమెనే ప్రార్థన చెయ్యమనడానికి అదే కారణం. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. నాకు ప్రార్థనలో కళ్ళు పూర్తిగా మూసే అలవాటు అప్పట్లో లేదు.

"ప్రేమగల తండ్రీ, ఈ సాయంకాలం మమ్మల్ని నీ సన్నిధిలో సమకూర్చినందుకు స్తోత్రాలు..." అని అమ్మ మొదలుపెట్టింది. ఇంకో రెండు మాటల్లో ఆమేన్ వస్తుందని నేను తల ఎత్తాను. గోడ వారగా, అందరూ విడిచిన చెప్పుల వరుస పక్కనుంచి, జెర్రిపోతు వస్తోంది. ఏ తొందరా లేదు. ఒక్కో చెప్పుల జత దగ్గరా కాస్త ఆగి, ఎవరివో కనుక్కుంటున్నట్టు తల కదిపి, మళ్ళీ కదులుతోంది. అమ్మ కేసి చూశాను. అమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి.

కేక వేస్తుందనుకున్నాను. కానీ ఆమె గొంతు ఎప్పుడూ లేనంత నిండుగా వచ్చింది.

"తండ్రీ, పరీక్షలు రాసిన బిడ్డల్ని జ్ఞాపకం చేసుకో. ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళని జ్ఞాపకం చేసుకో. రైళ్ళలో, బస్సుల్లో ప్రయాణం చేస్తున్నవాళ్ళని, ఆ డ్రైవర్లని జ్ఞాపకం చేసుకో..."

పాము పాస్టరు గారి చెప్పుల దగ్గరికి వచ్చింది. అమ్మ చెరుకు రైతుల దగ్గరికి వచ్చింది. చెరుకు రైతులయ్యాక ఫ్యాక్టరీ కార్మికులు, బెల్లం వండేవాళ్ళు, మోసేవాళ్ళు అందరూ దీవెనలు అందుకున్నారు. "ఆవుల్ని, దూడల్ని, నేలమీద పా..." అని ఆగి, "నేలమీద నడిచే ప్రతి ప్రాణినీ కాపాడు తండ్రీ," అంది.

అప్పుడే నేను మామని చూశాను. ఆయనకీ కళ్ళు మూసుకునే అలవాటు లేదు. పాము ఆయన కుర్చీకి జానెడు దూరంలో ఉంది. ఆయన చెయ్యి మెల్లిగా పక్కనున్న పందిరి కర్ర మీదకి వెళ్ళింది.

అమ్మ సూటిగా ఆయన కళ్ళలోకి చూస్తూ, గొంతు కొంచెం పెంచి, "తండ్రీ, మా పొరుగువారికి నెమ్మదైన మనసు దయచెయ్యి. వాళ్ళ చేతుల్ని స్థిరంగా ఉంచు. వాళ్ళని కూర్చున్నచోటే దీవించు," అంది.

మామ కర్ర వదిలేశాడు. రెండు కాళ్ళూ కుర్చీ మీదకి లాక్కుని, చేతులు జోడించి, మా సంఘంలో ఏ విశ్వాసీ ఎన్నడూ కూర్చోనంత భక్తిగా కూర్చున్నాడు. పాము ఆయన కుర్చీ కిందనుంచి జారి, పిప్పి కుప్పలో కలిసిపోయింది. తోక కొన లోపలికి పోగానే అమ్మ, "ఆమేన్," అంది. అందరూ ఊపిరి పీల్చుకుని ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మామ.

"అమ్మగారు ఈ రోజు చాలా భారంతో ప్రార్థన చేశారు," అన్నారు పాస్టరు గారు. అమ్మ మొహం అంతా చెమట. ఆ చెమట కూడా ఆయనకి భక్తిగానే కనిపించింది.

అందరూ కేసరి తిని, టీ తాగి వెళ్ళాక నాన్న వంటింట్లోకి వచ్చాడు. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. "నేలమీద ప్రాణులన్నిటి కోసం ప్రార్థన చేశావు. నీలో ఇంత మార్పు వచ్చిందని నాకు తెలీదు," అన్నాడు.

అమ్మ కప్పులు కడుగుతూ, "కళ్ళు తెరిస్తే తెలిసేది," అంది.

నేను నవ్వాపుకోలేక జరిగిందంతా చెప్పేశాను. నాన్న అక్కడే పీట మీద కూలబడ్డాడు. "ఎందుకు కేకెయ్యలేదు?" అని అడిగాడు.

"కేకేస్తే సంపేద్దురు కాదేటి? అంతమంది మధ్యలో, మన ఇంట్లో, ప్రార్థన పూట! ఆ తర్వాత ఎవరొస్తారు మనింటికి?" అంది. కుళాయి కట్టేసింది. "పైగా అది మనల్ని ఏటీ సెయ్యలేదు," అని కప్పులు బోర్లించింది. ఆ మర్నాడు తొక్కల బేసిన్ తనే పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. గుంట దగ్గర నిలబడి గట్టిగా దగ్గింది, ఎవరింట్లోకైనా వెళ్ళేముందు దగ్గినట్టు. అప్పుడు తొక్కలు వేసింది.

మామ ఆ ప్రార్థన సంగతి మునగపాక దాకా చేరవేశాడు. ఆయన చెప్పే కథలో పాము ఏటేటా పొడుగవుతూ వచ్చింది. ప్రార్థన కూడా.

రెండేళ్ళు పోయాక మా వెనక ఖాళీ స్థలంలో ఇళ్ళు లేచాయి. పునాదులు తవ్వే మిషను చప్పుడుకి కాబోలు, జెర్రిపోతు మళ్ళీ కనిపించలేదు. నాన్న కొన్నాళ్ళు బస్సు దిగగానే పిప్పి కుప్ప చుట్టూ తిరిగేవాడు. అమ్మ "రాలేదండీ," అని ముందే చెప్పేది. ఒక వానాకాలం బియ్యం డబ్బా మీద కొత్త గాట్లు పడ్డాయి. ఈసారి మందు మాట అమ్మ ఎత్తలేదు. బజారుకి వెళ్ళి ఒక ఇనప బోను కొనుక్కొచ్చి, కొబ్బరి ముక్క కట్టి, పడ్డ ఎలుకని బోనుతో సహా నాన్న చేతికిచ్చింది.

నాన్న దాన్ని స్కూటరుకి తగిలించుకుని బయల్దేరుతుంటే గోడ మీంచి మామ అడిగాడు. "ఎక్కడికి బావా సవారీ?"

"తుమ్మపాల వైపు, చెరుకు తోటల్లో వదిలేద్దామని."

"బావా, ఆ తోటల్లో మా బామ్మర్దిదీ ఉంది!"

"అయితే ఆయనకేమైనా చెప్పాలా?"

మామ గోడ మీద మోచేతులు సర్దుకున్నాడు. "మీ బావ ఎలకని పంపించేడని సెప్పు," అన్నాడు. లోపల్నుంచి అమ్మ నవ్వు వినిపించింది. నాన్న స్కూటరు స్టార్ట్ చేశాడు.